కంటికి కటకం - కార్తెకో జాగ్రత్త

తెనాలి నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. కళ్ళజోడు వద్దు, కాంటాక్టు లెన్సులే కావాలని రెండు నెలలుగా పోరుతోంది. కన్ను పోతుందని వాళ్ళ నాయనమ్మ గారు, ఏమీ కాదని స్నేహితురాళ్ళు. మధ్యన నేను నలిగిపోతున్నాను. మీరు పెట్టుకుంటారని విన్నాను. ఉన్నదున్నట్టు చెప్పండి."

పెట్టుకుంటాను, నిజమే. ఇరవై ఏళ్ళ నుంచీ పెట్టుకుంటున్నాను. నేను వైద్యం చదివినదాన్ని కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. కాని ఈ ఇరవై ఏళ్ళలో మా కంటి డాక్టరు గారిని ప్రశ్నలతో విసిగించినంతగా మా క్లాసు పిల్లలు నన్ను ఏనాడూ విసిగించలేదు. ఆ అధికారంతోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయికి ఒక మాట. జోడు పెట్టుకుందని సంబంధం వద్దనేవాళ్ళ కోసమైతే లెన్సులు పెట్టుకోనక్కర్లేదు. అలాంటివాళ్ళకి కళ్ళజోడు కాకపోతే మరొకటి కనిపిస్తుంది. నీకు ఇష్టమై, నీకు సుఖమై పెట్టుకుంటానంటే మాత్రం నిక్షేపంగా పెట్టుకో.

ఇక నాయనమ్మ గారి భయం. అది ఉత్త భయం కాదు. స్నేహితురాళ్ళ ధైర్యమూ ఉత్త ధైర్యం కాదు. ఎటొచ్చీ ఇద్దరూ ఒక సంగతి మరిచిపోతున్నారు. ముక్కు మీద జోడయితే పన్నెండు నెలలూ ఒకే తీరున పెట్టుకు తిరగవచ్చు. లెన్సు అలా కాదు. అది కంటి తడి మీద తేలుతూ ఉండే వస్తువు. ఎండకి ఆ తడి మారుతుంది, వానకి మారుతుంది, చలికి మారుతుంది. రైతు కార్తె చూసుకుని పొలంలో దిగుతాడు గదా, లెన్సు పెట్టుకునేవాళ్ళూ కార్తె చూసుకోవాలన్న మాట.

పేరు సంగతి ఒకటి. మనవాళ్ళు దీనికి 'స్పర్శ కటకం' అని తెలుగు చేశారు. క్లాసులో ఈ మాట చెబితే ఆడపిల్లలు నవ్వారు, "చేతికి వేసుకునేదేమోనండీ" అని. వాళ్ళ తప్పేం లేదు, కటకమంటే కంకణమనే అర్థం కూడా ఉన్నది. ఈ కటకం కూచునే చోటుని మన పాఠ్య పుస్తకాలు శుక్లపటలం అన్నాయి. అది వినగానే ఇంటి పెద్దలు "అయ్యో, శుక్లాలా?" అని కంగారు పడతారు. శుక్లం వేరు, అది లోపలి కటకం మసకబారడం. శుక్లపటలం అంటే కంటి గుడ్డుకి ముందు గడియారం అద్దంలా ఉండే పొర, డాక్టర్లు కార్నియా అనేది. నడిమధ్యన దాని మందం సుమారు అర మిల్లీమీటరు. నేను ఇకమీద కార్నియా అనే అంటాను, కంగారు లేకుండా ఉంటుంది.

ఆ పొర విచిత్రమైనది. అద్దంలా ఉండాలి గనుక దానిలో రక్తనాళాలు లేవు. ఒంట్లో తక్కిన భాగాలకి ప్రాణవాయువుని రక్తం మోసుకొస్తుంది. కార్నియా మాత్రం కన్ను తెరిచినప్పుడు కన్నీటి తడి ద్వారా బయటి గాలి నుంచే తీసుకుంటుంది. కన్ను మూసుకుంటే దొరికేది దానిలో ఇంచుమించు మూడో వంతు, అదీ రెప్పల లోపలి రక్తనాళాల నుంచి. లెన్సుతో చేసే తప్పులన్నీ ఈ ఒక్క లెక్కలో తేలతాయి. దాని మీద ఒక మూత పెడుతున్నాం. ఆ మూత పలచగా ఉండాలి, గాలి పోనివ్వాలి, శుభ్రంగా ఉండాలి. మూత పెట్టి ఆ పైన రెప్ప కూడా మూసి ఎనిమిది గంటలు నిద్రపోతే, పాపం ఆ పొర ఊపిరి తీసుకునేదెలా? లెన్సులతో నిద్రపోయేవాళ్ళకి కార్నియాకి పుండు పడే ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని అమెరికా ఆరోగ్య శాఖవాళ్ళు చెబుతారు. సంక్రాంతి సెలవులకి హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లవారి రాజమండ్రిలో ఎర్రటి కళ్ళతో దిగే పిల్లలు నాకు బాగా తెలుసు. బస్సు ఎక్కేముందే తీసి జోడు పెట్టుకోండమ్మా. చీకట్లో, కుదుపుల్లో, టీ కొట్టు దగ్గర చేతులు కడుక్కుని తీయడం అయ్యే పని కాదు.

ఈ కటకాల చరిత్ర కూడా సరదాగా ఉంటుంది. 1888లో ఫిక్ అనే జర్మను డాక్టరు గాజుతో చేశాడు. కంటి తెల్లగుడ్డుని కూడా కప్పేసేంత పెద్దది. గంటో రెండు గంటలో భరించగలిగితే గొప్ప. ఈనాటి మెత్తని లెన్సుకి మూలపురుషుడు చెక్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఓటో విక్టెర్లే. పై అధికారులు పరిశోధన ఆపేయమంటే ఆయన ఊరుకోలేదు. 1961 క్రిస్మసు రోజుల్లో ఇంట్లో కూచుని, పిల్లలు ఆడుకునే ఇనప ముక్కల బొమ్మల పెట్టెతో, సైకిలు డైనమోతో ఒక గిరగిర తిరిగే యంత్రం చేశాడు. తిరుగుతున్న అచ్చులో మందు పోస్తే అది లెన్సై కూచుంది. ఆ రోజుల్లో నాలుగు చేశాడట. పదేళ్ళకి, 1971లో, అమెరికాలో అమ్మకానికి అనుమతి వచ్చింది. 1990ల చివర గాలి మరింత ధారాళంగా పోనిచ్చే సిలికాన్ రకాలు వచ్చాయి. బొమ్మల పెట్టెతో మొదలైన వస్తువు గదా అని మన పిల్లలు దాన్ని బొమ్మలాగే చూస్తున్నారు, అదీ చిక్కు.

ఇక కార్తెలలోకి వద్దాం.

మే నెలాఖరున రోహిణి. రోళ్ళు పగిలే ఎండ. మెత్తని లెన్సులో మూడో వంతుకి పైగా, కొన్ని రకాల్లో సగానికి పైగా ఉండేది నీరే. వడగాలిలో స్కూటరు మీద వెళితే ఆ నీరు ఆరిపోతుంది. ఆరిన లెన్సు కంటి తడిని పీల్చుకుంటుంది. అప్పుడు గరగరలాడుతుంది, మసకేస్తుంది. చల్లగా ఉందని ఏసీ గదిలో కూచున్నా ఇంతే, ఆ గాలి తిన్నగా మొహానికి తగిలితే మరీను. దానికి తోడు కంప్యూటరు, సెల్ ఫోను. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు దాకా రెప్ప వేసేవాళ్ళం, తెర చూస్తుంటే అందులో సగం కూడా వేయం. ఈ రోజుల్లో లెన్సులు వేసుకునే గంటలు తగ్గించాలి. బయటికి వెళితే పైన చలువ కళ్ళద్దాలు పెట్టుకోవాలి, కళ్ళ పక్కల నుంచి కూడా మూసేవి అయితే ధూళి రాదు. కొన్ని లెన్సులు ఎండలోని అతినీల లోహిత కిరణాలను ఆపుతాయంటారు. నిజమే, కాని అవి కప్పేది కార్నియానే, కన్నంతటినీ కాదు. అంచేత చలువ అద్దాలు మానడానికి వీల్లేదు.

తడి చుక్కలు కావాలంటే డాక్టరు గారిని అడిగి, లెన్సుల మీద వేసుకోదగినవే తీసుకోండి. ఎర్రదనం పోగొట్టే చుక్కలు వేరు, తడి చుక్కలు వేరు. ఎర్రదనం ఒక కబురు. కబురు తెచ్చినవాడి నోరు నొక్కితే ఏం లాభం?

లెన్సు మందు సీసాని ఎండలో నిలిపిన కారులోనూ, స్కూటరు డిక్కీలోనూ వదిలేయకండి. అమ్మాయిల హ్యాండ్ బ్యాగుల సంగతి నాకు తెలుసు గనుక చెబుతున్నాను.

ఈ కార్తె దాపులోనే ఆవకాయ. ఇది ఏ పాశ్చాత్య వైద్య గ్రంథంలోనూ దొరకని అధ్యాయం. గుంటూరు కారం, ఆవపిండి, నూనె, మూడూ కలిపిన చేతులను ఎంత సబ్బు పెట్టి కడిగినా గోళ్ళ సందుల్లో ఘాటు మిగిలే ఉంటుంది. పొద్దున్న లెన్సులు పెట్టుకుని, పగలు ఆవకాయ కలిపి, రాత్రి అదే వేళ్ళతో తీయబోతే ఏమవుతుందో నేను వర్ణించను, అది ప్రబంధ కవులకీ సాధ్యం కాదు. ఆవకాయ కలిపే రోజు, మర్నాడు కూడా, కళ్ళజోడు. చేతికి తొడుగులు వేసుకు కలుపుతామనే వాళ్ళతో నాకు పేచీ లేదు, ఆ ఆవకాయ రుచి సంగతి మాత్రం వాళ్ళే చెప్పాలి.

వేసవి సెలవుల్లో ఈత ఒకటి. ఈత కొలను నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు గదా, భయమేమిటంటారు పిల్లలు. ఆ మాటకి జవాబు మృగశిర తర్వాత చెబుతాను, ఎందుకంటే మొత్తం ఈ వ్యాసంలో ముఖ్యమైన సంగతి అదే.

మృగశిర వచ్చింది, తొలకరి పడింది, ఒళ్ళు చల్లబడింది. లెన్సులకి అసలు గండం ఇప్పుడే మొదలు. నీళ్ళు! కొళాయిలో ఎర్ర నీళ్ళు వస్తాయి, డాబా మీద తొట్టిలో ఒండ్రు పేరుకుంటుంది. ఒండ్రు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్నుంచి జాగ్రత్త పడతాం. తేటగా ఉన్న నీళ్ళలో కూడా అకాంథమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. నూతిలో, చెరువులో, కొళాయిలో, మట్టిలో, అన్నిచోట్లా ఉంటుంది. మనం తాగితే సాధారణంగా ఏమీ చేయదు. లెన్సుకి అంటుకుని, లెన్సు కింద కార్నియా మీద చిన్న గీత దొరికితే మాత్రం అక్కడ కాపురం పెడుతుంది. తనకి గిట్టని మందు తగలగానే గట్టి పెంకు కట్టుకుని లోపల ముడుచుకుంటుంది. క్లోరిన్ నీళ్ళలోనూ అలాగే బతికి ఉంటుంది. ఈతకొలను ప్రశ్నకి జవాబు ఇదే. కాచి చల్లార్చిన నీళ్ళూ, ఫిల్టరు నీళ్ళూ, సీసా నీళ్ళూ ఏవీ లెన్సుకి పనికిరావు. మామూలు నీటిలో పడితే మెత్తని లెన్సు ఉబ్బి ఆకారం మారుతుంది కూడాను. స్నానానికి ముందు తీసేయాలి. మొహం కడుక్కునేటప్పుడు తీసి ఉండాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాక పొడిగుడ్డతో, నూగు రాలని దానితో, తుడుచుకునే లెన్సు ముట్టుకోవాలి. తడి వేలితో కాదు.

మా కాలేజీలో బి.ఎ. రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ఉండేది. పేరెందుకు లెండి. హాస్టల్లో ఉండేది, చక్కగా పద్యం చదివేది. శ్రావణ మాసంలో ఒక శుక్రవారం రాత్రి లెన్సు మందు అయిపోయింది. బయట జోరున వాన. కొట్లు మూసేశారు. డబ్బీలో కొళాయి నీళ్ళు పోసి లెన్సులు అందులో పెట్టి పడుకుంది. మర్నాడు వాటినే పెట్టుకుంది. మూడు నాలుగు రోజులకి ఎడమ కన్ను ఎర్రబడింది. వెలుగు చూడలేకపోయింది. నొప్పి అంటే మామూలు నొప్పి కాదు, పైకి కనిపించే ఎరుపుకీ లోపలి బాధకీ పొంతన లేదు. హాస్టలు పక్క మందుల దుకాణంలో చుక్కలు అడిగితే ఏవో ఇచ్చారు. రెండు రోజులు హాయిగా ఉంది. అక్కడే మోసం జరిగింది. ఆ చుక్కల్లో ఉన్నది స్టెరాయిడు. అది ఎరుపునీ వాపునీ అణచిపెడుతుంది, లోపలి శత్రువుకి కోట తలుపులు తీస్తుంది. కలక అనుకుని పది రోజులు గడిపేశారు.

తర్వాత హైదరాబాదు తీసుకువెళ్ళారు. కార్నియా మీది పుండు నుంచి కొద్దిగా గీకి, సూక్ష్మదర్శిని కింద చూసి జబ్బు తేల్చారు. మొదటి రోజుల్లో పగలూ రాత్రీ గంట గంటకీ చుక్కలు. వాళ్ళమ్మగారు అలారం పెట్టుకు కూచునేవారు. అలా నెలలు నడిచింది. కన్ను నిలిచింది గాని కార్నియా మీద తెల్లటి మచ్చ మిగిలింది. మన పల్లెల్లో కంట్లో పువ్వు వేసిందంటారే, అది. ఆ ఏడు పరీక్ష పోయింది. ఆ పై ఏడు వచ్చి రాసింది. ఆశ్చర్యమేమిటంటే, ఇప్పుడు ఆ కంటితో ఆమె పుస్తకం చదవగలుగుతున్నది మరొక రకం లెన్సు వల్లనే. మచ్చ పడి ఎగుడుదిగుడైన కార్నియా మీద నునుపైన గట్టి లెన్సు అమర్చి, మధ్యన ద్రవం నిలిపితే చూపు చాలా వరకు తేటపడుతుందట. అందరికీ కుదరదు. మచ్చ మరీ దట్టమైతే కార్నియా మార్పిడే గతి. దానికి ఎవరో చనిపోతూ కన్ను ఇచ్చి పోవాలి.

కార్నియా మార్పిడి మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. మన తెలుగు సినిమా ఎల్.వి. ప్రసాద్ గారు, 'షావుకారు', 'మిస్సమ్మ' తీసినాయన, హైదరాబాదు బంజారా హిల్స్‌లో ఐదెకరాల స్థలమూ కోటి రూపాయలూ కంటి వైద్యానికి ఇచ్చారు. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అక్కడ నెలకొల్పిన సంస్థకి ఆయన పేరే. దేశంలో కార్నియా వైద్యానికి పేరున్న చోట్లలో అదొకటి. మన తెరని వెలిగించిన మనిషి పేరు మీద చూపులు తిరిగి రావడం నాకు ఎప్పుడు తలచుకున్నా బాగుంటుంది.

ఇదంతా చదివి నాయనమ్మ గారు "నే చెప్పలా?" అంటారేమో. ఆగండమ్మా. మన దేశంలో ఈ కార్నియా పుండ్లు ఎక్కువగా పడేది లెన్సులవాళ్ళకి కాదు. పొలంలో వరి ఆకు కోసుకున్నవాళ్ళకి, నూర్పిళ్ళలో ఊక కంట్లో పడ్డవాళ్ళకి. ఆ గీతలో బూజు పెరిగి పుండవుతుంది. ఆ అకాంథమీబా కూడా మన దగ్గర లెన్సు ఎరుగని పల్లెవాళ్ళకే ఎక్కువ పట్టుకుంది. వాళ్ళు చేసే తప్పూ హాస్టలు పిల్ల చేసిన తప్పూ ఒకటే: ఇంట్లో ఉన్నదేదో కంట్లో పోయడం. ఆకు పసరు, చనుబాలు, ఆముదం, దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలు. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కంటి లోపలికి మాత్రం పువ్వూ పసరూ పోనివ్వకండి. పొన్నగంటి కూర కళ్ళకి మంచిదంటారు, అది కంచంలోనే మంచిది.

వానల్లో రెండో గండం కళ్ళకలక. 2023 జూలై, ఆగస్టుల్లో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎలా చెలరేగిందో మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. స్కూళ్ళకి స్కూళ్ళే ఎర్రబడ్డాయి. 1971లో బెంగాల్లో ఇలాగే వస్తే, అప్పుడు బంగ్లాదేశ్ యుద్ధం రోజులు కావటం చేత, జనం దానికి 'జై బంగ్లా' అని పేరు పెట్టుకున్నారు. కలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని మనవాళ్ళ నమ్మకం. చూపు వల్ల రాదు. కన్ను నులుముకున్న చెయ్యి, ఆ చెయ్యి తగిలిన తలుపు గడియ, ఉమ్మడి తువ్వాలు, తలగడ గలేబు, వీటి వల్ల వస్తుంది. నల్ల కళ్ళజోడు పెట్టుకుంటే ఎదటివాళ్ళకి రాకుండా ఆగదు, మీ చెయ్యి మీ కంటికి పోకుండా కొంత ఆగుతుంది, అంతే. లెన్సులు పెట్టుకునేవాళ్ళు కలక సూచన కనిపించగానే తీసేయాలి. ఆ లెన్సులని, ఆ డబ్బీని దాచిపెట్టి తర్వాత వాడవద్దు. డబ్బు పోయిందనుకోకండి. పూర్తిగా తగ్గి, డాక్టరు సరేనన్నాకే కొత్త జత.

కాని ఒక్క కంట్లోనే నొప్పి, వెలుగు చూడలేకపోవడం, మసక, ఈ మూడూ కలిస్తే కలక అనుకుని ఇంట్లో కూచోవద్దు. లెన్సు తీసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాంటప్పుడు లెన్సునీ డబ్బీనీ పారేయకుండా వెంట తీసుకువెళ్ళండి, వాటిని పరీక్షించి పురుగు ఏదో పట్టుకోవడానికి అక్కరకొస్తాయి.

డబ్బీ సంగతి. వాన రోజుల్లో పప్పు డబ్బాలో బూజు పడితే ఇల్లాలు పట్టుకుంటుంది, లెన్సు డబ్బీలో బూజుని ఎవరూ చూడరు. దాన్ని స్నానాల గదిలో పెట్టకండి. పొద్దున లెన్సులు తీసుకోగానే పాత మందు పారబోసి, కొత్త మందుతోనే కడిగి, శుభ్రమైన కాగితం మీద బోర్లించి ఆరనివ్వాలి. రాత్రి మిగిలిన మందులో పైన కాస్త కొత్తది కలిపి సరిపెట్టుకోవడం కొందరికి పొదుపు. పాసిపోయిన పాలలో కాచిన పాలు కలుపుతామా? లెన్సుని కూడా అరచేతిలో మందు వేసి వేలితో మెల్లగా రుద్ది కడగాలి, సీసా మీద రుద్దనక్కర్లేదని రాసి ఉన్నా సరే. మూడు నెలలకి డబ్బీ మార్చాలి. నేను సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి, తొలి ఏకాదశికి ఒకటి, దసరాకి ఒకటి అని పెట్టుకున్నాను. కేలండరు చూడకుండానే గుర్తుంటుంది. సీసా మూత తీసినాక ఎన్నాళ్ళు పనికొస్తుందో దాని మీదే ఉంటుంది, తీసిన తారీఖు పెన్నుతో రాసి పెట్టుకోండి.

దీపావళికి లెన్సులు వద్దు. మతాబుల పొగ, రవ్వలు, అన్నిటికీ ఎదురుగా ఉండేది కన్నే. ఆ పూట ముక్కు మీద జోడుంటే అదొక డాలు కూడాను. మర్నాటి నుంచీ కార్తికం. తెల్లవారుజామున గోదావరిలోనో కృష్ణలోనో మునక వేసేవాళ్ళు గట్టు మీదే లెన్సులు లేకుండా దిగాలి. 2015 పుష్కరాలలో మా బంధువుల పిల్లలు నలుగురు మా ఇంట్లో దిగితే, రేవుకి బయల్దేరేముందు నలుగురి లెన్సులూ డబ్బీలలో పెట్టించి పంపాను. "మెట్లు కనిపించవు పిన్నీ" అన్నారు. జోడు పెట్టుకు వెళ్ళండి, మునిగేటప్పుడు మీ అమ్మ చేతికివ్వండి అన్నాను. పుణ్యానికేమీ లోటు రాలేదు.

ధనుర్మాసపు చలికి కళ్ళు మళ్ళీ ఆరతాయి, వేసవిలో వలెనే, కాని మనకి చెమట లేదు గనుక తెలియదు. మంచులో స్కూటరు మీద పోతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, నీళ్ళున్నాయి గదా తడి ఉందనుకుంటాం. ఆ కారే నీరు ఆరిపోయిన కన్ను పెట్టే మొర. చలికాలం ఒంటికి రాసుకునే క్రీములూ కొబ్బరినూనె చేతులూ లెన్సుకి జిడ్డు పట్టిస్తాయి. ముందు లెన్సు, తర్వాత క్రీమూ కాటుకా. తీసేటప్పుడు ముందు లెన్సు తీసి, తర్వాత అలంకారం కడుక్కోవాలి. కాటుక రెప్ప అంచుకి లోపల దిద్దుకోవద్దు, బయటే. భోగిమంట దగ్గర చలి కాచుకునే వాళ్ళకి వేరే చెప్పాలా, అది కూడా జోడు రోజే.

స్నేహితురాళ్ళు ఒకరి రంగు లెన్సులు ఒకరు మార్చుకుని ఫోటోలు తీయించుకుంటున్నారని విన్నాను. పిల్లి కళ్ళు, నీలి కళ్ళు. అది ఒకరి పళ్ళు తోముకునే బ్రష్షు మరొకరు వాడినట్టు. చూపు కోసం కాక రంగు కోసమే అయినా, డాక్టరు కొలత తీసి ఇస్తేనే పెట్టుకోవాలి.

మాఘం రాగానే పెళ్ళిళ్ళు. ఏటా ఈ రోజుల్లో నా పాత విద్యార్థినులు ఎవరో ఒకరు ఫోను చేసి అడుగుతారు, పీటల మీద లెన్సులతో కూచోవచ్చా అని. కూచోవచ్చు గాని లెక్క వేసుకోవాలి. పెళ్ళికూతురిని చేసేది సాయంత్రం ఐదింటికి. ముహూర్తం రాత్రి రెండు గంటల పది నిమిషాలకి. మధ్యన ఫోటోలవాళ్ళ దీపాలు, హోమం పొగ, ఆ పైన తలంబ్రాలు. పెళ్ళికొడుకు ఉత్సాహవంతుడైతే బియ్యపు గింజ తిన్నగా కంట్లోనే పడుతుంది. లెన్సు కింద ఒక నూక చేరినా కార్నియా మీద గీత పడుతుంది. అందుకని నేను చెప్పేది: ఆ రోజుకి ఒక పూట వాడి పారేసే రకం లెన్సులు తీసుకో, ముందు పది పదిహేను రోజులు పెట్టుకుని అలవాటు చేసుకో. జీలకర్ర బెల్లం ఎదుట అతని మొహం స్పష్టంగా చూడాలని ఉంటుంది గదా, చూడు. తలంబ్రాలు పోసేటప్పుడు రెప్పలు దించుకో, సిగ్గనుకుంటారు. అరుంధతీ దర్శనం కాగానే పక్కన కూచున్న మేనత్త చేతిలోంచి జోడు తీసుకో, లెన్సులు తీసి పారేయి. వాటితో కునుకు తీయకు. మేనత్త గారికి మాత్రం ఆ సంగతి సాయంత్రమే చెప్పి ఉంచాలి, పెళ్ళి హడావుడిలో ఆవిడ జోడు ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంటూ ఉంటుంది.